బైరొడ్ల కయ్యలో బెరుకు

నిన్న మధ్యాహ్నం నేను కునుకు తీస్తుంటే మా తమ్ముడి కూతురు హేమ వచ్చి, భోజనాల బల్ల మీదున్న నా మందుల డబ్బాలన్నీ ఒక మూలకు తోసేసి, చిన్న చిన్న వడ్ల పొట్లాలు వరసగా పరిచింది. ఈ పిల్ల ఇక్కడే తిరుపతిలో వ్యవసాయం చదువుతోంది. చదువంటే పుస్తకం ముందేసుకుని కూర్చునే చదువు కాదు. పాత రకం వడ్లు ఎవరింట్లో మిగిలున్నాయో ఊరూరా తిరిగి వెతికి తెచ్చి, కొత్త రకాల పక్కన పెట్టి, ఏది దేనికి చుట్టమో తేలుస్తారంట. సంబంధం కుదుర్చుకునే ముందు మనవాళ్లు అటు మూడు తరాలు ఇటు మూడు తరాలు ఆరా తీస్తారే, అట్లా వడ్లకు ఆరా తీస్తారు. ఎండన పడి తిరిగి తిరిగి పిల్ల నల్లబడిపోయింది. మజ్జిగ ఇచ్చి నాలుగు చివాట్లు పెడదామనుకున్నాను గానీ, ఆమె హడావుడి చూసి మజ్జిగ మాత్రం ఇచ్చాను.

"ఇది సూడత్తా" అని ఫోను నా ముక్కు కింద పెట్టింది. నల్లటి పలక మీద తెల్లటి అడ్డగీతలు, వడ్ల డీఎన్ఏ పరీక్షవంట. ఈసీజీలు తీయించుకుని తీయించుకుని నాకు గీతలంటేనే విసుగు. అయినా కళ్లజోడు పెట్టుకుని చూశాను. "ఈ పక్కన ఉండేవి పాత వడ్లు. ఒకదానికీ ఒకదానికీ పొంతన లేదు గదా? ఆ పక్కన కొత్తవి. మా నాయన యేసేవి, పక్కూరోళ్లు యేసేవి, నెల్లూరోళ్లు యేసేవి. పేర్లు వేరేగానీ గీతలు సూడు, అన్నీ దగ్గర దగ్గరగా ఉండాయి. వీటిల్లో శానా వాటికి పొట్టితనం ఒకే తాత నించి వచ్చింది."

"అందరూ ఒకింటోళ్లే అయితే మంచిదే కదమ్మా" అన్నాను.

"ఏం మంచిదత్తా? ఒకరికి జొరమొస్తే అందరికీ వస్తాది."

ఆ తర్వాత అసలు పనికి వచ్చింది. చివరి పొట్లం విప్పింది. అందులో ఉన్నవి వడ్లు కాదు, దంచిన బియ్యం. ఎర్రటివి, రెండు గుప్పిళ్లు ఉంటాయేమో. కొండ కింద ఒక పల్లెలో ఎవరో ముసలాయన తన కయ్యలో, అంటే చిన్న మడిలో, ఒక మూల ఏటేటా వేసుకుంటున్నాడంట. పేరు ఆయనకూ తెలీదు, ఎర్రొడ్లు అన్నాడంట, అంతే. పాత రకమేనని వీళ్ల పరీక్షలో తేలింది. ఏ పాత రకమో చెప్పాలంటే పోల్చుకోవడానికి ఇంకొకటి చేతిలో ఉండాలి కదా. "ఇవి బైరొడ్లు అనుకుంటా ఉండాం అత్తా. కానీ పోల్చి చూద్దామంటే బైరొడ్లు మా కాడ లేవు, మేము తిరిగిన యా ఊర్లోనూ లేవు. నువ్వు చిన్నప్పుడు తిన్నావంట గదా, నాయన చెప్పినాడు. వండుకోని తిని సెప్పు. నువ్వు అవునంటే ఆ పేరు పెట్టి పెంచుతాం. లేదంటే పేరు లేకండానే ఒక మూల పడుంటాయి." రేపు సాయంత్రం వస్తానని చెప్పి, పొట్లం నా చేతిలో పెట్టి, మజ్జిగ కూడా సగం వదిలేసి వెళ్లిపోయింది.

అప్పటి నుంచీ నాకు భయంగా ఉంది. చెబితే నవ్వుతారు. అరవై దాటినదాన్ని, మా ఆయన పోయాక కూడా ఒంటరిగా ఇల్లు నెట్టుకొస్తున్నదాన్ని, రెండు గుప్పిళ్ల బియ్యానికి భయపడటమేమిటని. కానీ బైరొడ్లు అన్న మాట చెవిన పడితే నాకు అన్నిటికంటే ముందు గుర్తొచ్చేది భయమే. మిగతావన్నీ దాని వెనక నిలబడి తొంగి చూస్తుంటాయి. ఆ భయం సంగతి మా ఇంట్లో వాళ్లకు తెలుసు. వాళ్లు దాన్ని నవ్వులాటగానే చెప్పుకున్నారు. నేను మాత్రం ఎప్పుడూ నవ్వలేకపోయాను.

మాది ఐరాల దగ్గర ఒక పల్లె. ఇంట్లో నాయన, అమ్మ, నాయన వాళ్లమ్మ అంటే మా అవ్వ, పెళ్లి కాని చిన్నాయన, నేను. నాకు తెలివి వచ్చేసరికి ఊళ్లో అందరూ పొట్టి వడ్లకు మారిపోయారు. ఐఆరెట్టు అనేవాళ్లు దాన్ని, ఎనిమిదిని అరవంలో చెప్పి. అవ్వ ఒక్కతే మారలేదు. బావికి అవతల ఆమె పేర ఒక చిన్న కయ్య ఉండేది. అందులో బైరొడ్లు తప్ప ఇంకొకటి వెయ్యనిచ్చేది కాదు. ఆ వడ్లు తెల్లవారకముందే పెరట్లో రోట్లో పోసి దంచేది. నాకు మెలకువ వచ్చేది ఆ రోకటి చప్పుడుకే. లేచి వెళ్లి పక్కన కూర్చుంటే చాటలో చెరిగిన వేడి వేడి తవుడు చిటికెడు, బెల్లం ముక్క ఒకటి కలిపి నోట్లో పెట్టేది. అవ్వ పమిట కొంగుకు, చేతులకు, జుట్టుకు అంతా తవుడు వాసనే. "తెల్లబువ్వ తింటే మూతి కడుక్కునే లోపల ఆకలేస్తాది, ఇది తింటే పొద్దుగూకేదాకా పలకరించదు" అనేది. నాయన, అమ్మ తెల్లబువ్వ తినేవాళ్లు. అవ్వ, ఆమె ఒళ్లో కూర్చుని నేను, ఎర్రబువ్వ తినేవాళ్లం. చిన్నాయన మాత్రం రెండు కుండల్లోనూ చెయ్యి పెట్టేవాడు.

ఆ పైరు ఏపుగా పెరిగేది. ఊళ్లో అందరి చేలూ కోతకొచ్చేవేళకు అవ్వ కయ్య ఇంకా పచ్చగా, నా తల కంటే జానెడు ఎత్తున ఊగుతూ ఉండేది. గింజ పాలు పోసుకునే రోజుల్లో ఆ కయ్యలోకి కోడిని కూడా పోనిచ్చేది కాదు. గట్టు మీద పెద్దగా మాట్లాడినా ఊరుకునేది కాదు. "బిడ్డకు పాలిచ్చే తల్లి కాడికి పొయ్యి గలాటా చేస్తారంట్రా ఎవురన్నా?" అని కసురుకునేది. నీళ్లు కట్టడానికి మా నాయన పోయినా నీళ్లు పారే మడవ దగ్గరే నిలబడి పార పట్టుకోవాలి, లోపల అడుగు వెయ్యకూడదు. నాయన నవ్వుకుంటూనే ఆ మాట వినేవాడు.

ఆ యేడు నాయన విత్తనాల కోసం పంట పెట్టాడు. తినడానికి కాదు, పక్క ఊళ్ల రైతులకు విత్తనంగా ఇచ్చేందుకు. దానికి ఒక ఆఫీసరు వచ్చి చేను చూసి సరేననాలి. చేనంతా ఒకే రకం ఉండాలి. ఒకే ఎత్తు, ఒకే రంగు, ఒకేసారి పూత. మధ్యలో ఎక్కడైనా వేరే రకం మొక్క తల ఎత్తితే దాన్ని బెరుకు అంటారు. బెరుకు ఎక్కువగా కనిపిస్తే చేను మొత్తం విత్తనానికి పనికిరాదని కొట్టేస్తారు. అందుకని నెల రోజులుగా మా ఇంట్లో ఇంకో మాట లేదు. పొద్దున్నే ఎండ పక్కవాటంగా పడేటప్పుడు నాయన, అమ్మ, చిన్నాయన వరసకట్టి చేలో నడిచేవాళ్లు. పొడుగ్గా కనిపించిందీ, ముందుగా వెన్ను తీసిందీ, గింజ కొసన ఎర్ర మీసం ఉన్నదీ పెరికేసేవాళ్లు. "కోస్తే మళ్లా మొలుస్తాది, యేరుతో సహా పెరకల" అని నాయన పదిసార్లు చెప్పేవాడు. పెరికినవి గట్టు మీద కూడా వెయ్యకూడదు, గింజ రాలుతుందని. కట్ట కట్టి తెచ్చి బర్రె ముందు వేసేవాళ్లు. అది నమిలే చప్పుడు నాకింకా గుర్తుంది.

ఇక్కడే వచ్చింది తంటా. బెరుకు అంటే భయం, జంకు అని కూడా కదా. నాకు తెలిసింది ఆ అర్థం ఒక్కటే. ఎందుకంటే నన్ను గురించి ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ అనే మాట అది. "ఈ బిడ్డకు బెరుకు జాస్తి" అనేవాళ్లు. కొత్తవాళ్లొస్తే అమ్మ కుచ్చిళ్ల వెనక దూరేదాన్ని. పిల్లికి భయం, పిడుగుకు భయం, చెవులదరగొట్టే బస్సు హారనుకు భయం. "దీని బెరుకు ఎప్పుడు పోతాదో" అని అమ్మ నిట్టూర్చేది. అదే అమ్మ చేలో నుంచి వచ్చి "ఈపొద్దు శానా బెరుకు పెరికినాము" అనేది. పెద్దవాళ్లకు అవి రెండు మాటలు. నాకు ఒకటే మాట. చేలో భయం మొలుస్తుందనీ, దాన్ని వేరుతో సహా పీకి బర్రెకు వేస్తారనీ, అది నాలోనూ ఉందనీ నేను లెక్క కట్టుకున్నాను. పైగా ఇంట్లో అందరూ పొట్టి, నల్లన. నేనొక్కదాన్నే వయసుకు మించి పొడుగు, జుట్టు రాగి రంగు. ఎవరి పోలికో ఎవరికీ తెలీదు. పిల్లలందర్నీ ఏడిపించినట్టే నన్నూ తవుడు పోసి కొనుక్కున్నామని ఏడిపించేవాళ్లు. నేను దాన్ని అక్షరాలా నమ్మాను. రోజూ కళ్ల ముందు ఇంత తవుడు కనిపిస్తుంటే నమ్మక ఏం చేస్తాను?

ఆఫీసరు వచ్చే ముందు రోజు చేను చివరిసారి చూసుకుని అందరూ గట్టు మీద, మా మాటలో గెనిమ మీద, కూర్చున్నారు. అమ్మకు అప్పుడు నెలలు నిండుతున్నాయి, మా తమ్ముడు కడుపులో ఉన్నాడు. చిన్నాయన చేను వైపు చూడటం మాని నా వైపు చూశాడు. "వదినా, అంతా పెరికినామనుకుంటే ఇంగొకటి మిగిలిపొయ్యిండాది సూడు" అన్నాడు.

"యాడ?" అని అమ్మ గాభరాగా లేచింది.

"అద్దో, గెనిమ మింద నిలబడుకోనుండాది. అందరి కంటే పొడుగు, ఎర్ర మీసం. రేపు ఆఫీసరు దీన్నే ముందు పెరకమంటాడు. పెరికితే మాత్రం ఏమిలే, తవుడు పోసి కొన్నదే గదా. సొంత బిడ్డ కడుపులో ఉండాది. ఇంగ దీంతో ఏం పని?"

అమ్మ నవ్వింది. నాయన నవ్వాడు. అవ్వ కూడా నోట్లో వక్క నములుతూ నవ్వింది. అవ్వ నవ్వకుండా ఉంటే ఆ మాట నాకు అంత లోపలికి దిగేది కాదేమో. ఆ రోజు నేను బువ్వ తినలేదు. కడుపులో నొప్పి అన్నాను. అమ్మ వాముగింజలు నమిలించింది.

మర్నాడు పొద్దున జీపు వచ్చింది. తెల్ల చొక్కా, చేతిలో కర్ర. మంచి మనిషే, తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఆ కర్రే కనిపించింది. "బెరుకు ఏమైనా ఉందా?" అని అడిగాడు. "ఒక్కటి గూడా లేదు సార్, అంతా పెరికేసినాము" అన్నాడు నాయన. "నేను చూస్తాగా. కనబడితే నేనే పీకేస్తా" అని ఆయన నవ్వుతూ చేలోకి తిరిగాడు. నేను పశువుల పాక వెనక నుంచి విన్నాను. నాయన నన్ను దాస్తున్నాడో, మరిచిపోయాడో అర్థం కాలేదు. ఏదైనా ఆ కర్ర మనిషి చూడనే చూస్తాడు. దాక్కుందామంటే నాయన చేను నా రొమ్ము దాకా కూడా రాదు, తల బయట పెట్టుకుని ఎక్కడ దాక్కునేది? పరుగెత్తాను. బావి పక్కగా పోయి, గట్టు దాటి, ఎవరినీ అడుగు పెట్టనివ్వని అవ్వ బైరొడ్ల కయ్యలో దూరాను.

లోపల వేరే లోకం. తల ఎత్తితే వెన్నులు, వాటి సందుల్లో ముక్కలు ముక్కలుగా ఆకాశం. ఆకుల అంచులు చేతులను, చెంపలను కోశాయి. సాలెపురుగు గూడు ఒకటి ముఖానికి చుట్టుకుంది. పాలు పట్టిన గింజల పచ్చివాసన ముక్కు నిండా. నడుమ దాకా వచ్చాక బురదలో గొంతుక్కూర్చున్నాను. నీళ్లు లాగు దాకా వచ్చాయి. ఏదో మెత్తటిది కాలి మీదుగా పోయింది. కప్పో, పామో, చూడలేదు. కళ్లు గట్టిగా మూసుకుంటే ఎవరికీ కనబడనని నమ్మకం. గుండె చప్పుడు బయటికి వినబడుతుందేమోనని రెండు చేతులతో రొమ్ము నొక్కి పట్టుకున్నాను.

మొదట అమ్మ గొంతు వినిపించింది, బువ్వకు పిలిచే మామూలు గొంతు. "ఇజయా! యాడుండావే?" నేను పలకలేదు. కాసేపటికి ఆ గొంతు మారింది. నాయన పిలిచాడు, చిన్నాయన పిలిచాడు, పక్క చేల వాళ్లు పిలిచారు. ఎంత పిలిస్తే నేనంత ముడుచుకుపోయాను. అందరూ కలిసి బెరుకును వెతుకుతున్నారు. ఇంతలో ఎవరో "బాయి! బాయిలో సూడండప్పా!" అన్నారు. తర్వాత దబ్బున నీళ్ల చప్పుడు. అమ్మ పెట్టిన కేక విన్నాక నాకు లేచి నిలబడాలనిపించింది. అప్పుడే ఆఫీసరు గొంతు, బాగా దగ్గరగా, "గుర్తులు చెప్పండి, ఎట్లా ఉంటుంది?" అని అడిగింది. "పొడుగు సార్. ఎర్ర ఎంటికలు" అన్నాడు చిన్నాయన. నేను మళ్లీ కూర్చుండిపోయాను. ఆ తర్వాత చాలా చూశాను. ఆసుపత్రి వరండాలో మా ఆయన కోసం కూర్చున్నాను. కానీ అంత భయం మళ్లీ పడలేదు.

"అవతల యాడా లేదు. ఇంగ ఈ కయ్యలో సూడాల" అని ఎవరో అన్నారు. "పాలు పోసుకుంటా ఉండాది గదమా, తొక్కితే పొయ్యె" అన్నాడు చిన్నాయన. అప్పుడు అవ్వ గొంతు. గట్టు మీద దగ్గితేనే కసిరే అవ్వ, నాకు ఎర్రబువ్వ కలిపి పెట్టే అవ్వ. "తొక్కండ్రా! ఈ గెనిమ కాణ్ణించి ఆ గెనిమ దాకా తొక్కండి. ఒక్క దుబ్బు గూడా నిలబడగూడదు!"

అవ్వ కూడా వాళ్లతో కలిసిపోయిందనుకున్నాను. ఇక ఈ లోకంలో నాకు దిక్కు లేదు. పది పన్నెండు మంది వరసకట్టి చేతులతో, కట్టెలతో పైరును వంచుకుంటూ, కాళ్లతో తొక్కుకుంటూ వస్తున్నారు. అడుగడుగుకూ బురద పీల్చుకునే చప్పుడు, దుబ్బులు విరిగే చప్పుడు. నా చుట్టూ మెల్లగా వెలుతురు పెరిగిపోతోంది. దాక్కున్న మనిషికి వెలుతురు ఎంత భయమో అప్పుడు తెలిసింది. చివరికి నా మీదున్న నాలుగు దుబ్బులు కూడా పక్కకు ఒరిగాయి. ఒక చెయ్యి వచ్చి నా జుట్టు పట్టుకుంది. తవుడు వాసన చెయ్యి.

"పెరకొద్దవ్వా! నన్ను పెరకొద్దు. నేను పొడుగు పెరగనవ్వా, బెరుకు మానుకుంటా" అని ఏడ్చాను.

అవ్వకు అర్థం కాలేదు. నన్ను గుండెకేసి అదుముకుని "ఏమంటాదిరా ఇది, ఏమంటాది?" అని అందరినీ అడుగుతోంది. ముందుగా అర్థమైంది చిన్నాయనకే. ఆయన అట్లాగే బురదలో కూలబడిపోయాడు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి మావాళ్లతో పాటు కయ్యలో దిగిన ఆఫీసరు తన కర్రను మెల్లగా వీపు వెనక పెట్టుకున్నాడు. బావిలో నుంచి పైకొచ్చిన నాయన నీళ్లోడుతూ పరుగెత్తుకొచ్చాడు. కొట్టడానికి చెయ్యి ఎత్తాడు. ఆ చెయ్యి గాలిలోనే వణికింది, దించలేకపోయాడు. మా నాయన భయపడటం నేను అదే చూడటం. పెద్దవాళ్లకు కూడా బెరుకు ఉంటుందని అప్పుడు తెలిసింది, తెలిసి ఇంకా భయమేసింది.

ఎవరో అలవాటు కొద్దీ కయ్య వైపు చూసి "పంటంతా మట్టిపాలాయనే" అన్నారు. అవ్వ వెనక్కి కూడా తిరగలేదు. "పోనీలేప్పా. తవుడు పోసి కొన్నారని బిడ్డను ఏడిపిస్తా ఉన్నారు గదా. ఈపొద్దు వడ్లు పోసి కొనుక్కున్నా నేను. ఇంగ ఎవురన్నా ఆ మాటంటే సూడు" అని నన్ను చంకనేసుకుని ఇంటికి నడిచింది. అంత పొడుగు పిల్లను ఎట్లా మోసిందో ఏమో.

ఆ వారమే ముసురు పట్టింది. పడిపోయిన పైరు నీళ్లలో నాని కుళ్లిపోయింది. పాల గింజలు కదా, విత్తనానికి ఒక్కటీ పనికి రాలేదు. పాత వడ్లలో విత్తనానికి దాచినవన్నీ ఆ కయ్యకే చల్లేసింది అవ్వ, మిగిలినవి దంచుకుని తినేశాం. ఆ వేసవిలో ఆమె పుట్టింటికి, చుట్టాల ఊళ్లకు పోయి అడిగింది. "ఇంగా ఆ వడ్లు యాడున్నాయత్తా, అందరం మానేస్తిమి గదా" అన్నారంట అంతటా. ఒట్టి సంచితో తిరిగొచ్చి, ఏమీ జరగనట్టే కాళ్లు కడుక్కుంది. నాయన చేను మాత్రం పాసయింది. ఆ విత్తనం చుట్టుపక్కల ఎన్ని ఊళ్లకు పోయిందో లెక్కలేదు. తమ్ముడు పుట్టాడు. వాడికి అన్నప్రాశన నాటికే మా ఇంట్లో ఉన్నది ఒకటే కుండ, తెల్లబువ్వ కుండ. అవ్వ కూడా అదే తినింది. ఒక్కసారి కూడా నా ముందు బైరొడ్ల మాట ఎత్తలేదు.

ఎత్తింది చివర్లోనే. నేను హైస్కూలుకు పోతున్నాను అప్పటికి. అవ్వ మంచాన పడి, తినడం మానేసి, మనుషుల్ని కూడా సరిగ్గా గుర్తుపట్టని స్థితిలో "బైరొడ్ల గంజి ఇంత కాయండి" అని అడిగింది. అమ్మ వంటింట్లోకి పోయింది. తర్వాత తెల్ల నూకల గంజిలో రాగిపిండి కలిపి, ఎర్రబడేదాకా కాచి, ఉప్పేసి, లోటాలో పోసి నా చేతికిచ్చింది. "నువ్వు తాపు. నువ్వయితే తాగుతాది" అంది. తల కింద చెయ్యి పెట్టి లేపి తాగించాను. కనిపెడుతుందేమోనని భయం. అవ్వ రెండు గుక్కలు తాగి, నా ముఖంలోకి చాలాసేపు చూసి, "అవే" అంది. "అవే వడ్లు. నువ్వు గూడా తాగు." మిగతాది నేను తాగాను. ఆమెకు తెలిసి అందో, తెలియక అందో ఇప్పటికీ నాకు తెలీదు.

అప్పటి భయం పసిపిల్ల భయం, ఒట్టి మాటను తప్పుగా అర్థం చేసుకున్న భయం. దానికి మందు ఉండింది, అవ్వ చెయ్యి. ఇప్పటి భయానికి మందేమిటో నాకు తెలీదు. మా తమ్ముడి చేను ఎప్పుడు చూసినా చాప పరిచినట్టు ఉంటుంది, ఒక్క తల కూడా ఎచ్చు తగ్గు లేదు. చుట్టూ ఉన్న చేలన్నీ అంతే. వాడికది గర్వం. పోయినేడు దుబ్బుల రసం పీల్చే సుడిదోమ తగిలింది. ఈ చేలో ఒక గుండ్రటి మచ్చ, ఆ చేలో ఒక గుండ్రటి మచ్చ, నిప్పు పెట్టినట్టు మాడుతూ, గట్లూ ఊరి పొలిమేరలూ లెక్క చెయ్యకుండా పోయింది. ఏ చేలో అయినా అదే రకం కదా, ఎక్కడా దానికి అడ్డం లేదు. వాడు ఫోను చేసి "అక్కా, యాడ సూసినా ఒకటే మాదిరిగా పోతాండాది, ఒక్క కయ్య గూడా నిలబడలా" అన్నప్పుడు వాడి గొంతు అచ్చం మా నాయన చెయ్యిలాగే వణికింది. నిన్న హేమ జ్వరం మాట అన్నప్పుడు నాకు గుర్తొచ్చింది వాడి ఆ గొంతే.

ఈ పొద్దు ఆ బియ్యం వండాను. సగం తీసి, కడిగి, పలుచగా గంజి కాచాను. ఎసరు ఎర్రబడుతుంటే పొయ్యి దగ్గర నుంచి కదలలేదు. చల్లార్చి, లోటాలో పోసుకుని, కళ్లు మూసుకుని ఒక గుక్క తాగాను. కాదు. ఇది కాదు అనిపించింది. బైరొడ్లు ఇంకొంచెం చిక్కన, నాలుక మీద సన్నగా గరగర, అడుగున మట్టివాసన లాంటి కమ్మదనం. అది ఇందులో లేదు. హేమకు కాదని చెప్పెయ్యాలి, పాపం ఆశ పెట్టుకుంది, అనుకుంటూ ఇంకో గుక్క తాగాను. అప్పుడు తట్టింది. గరగర, చిక్కదనం, మట్టివాసన. నేను వెతుకుతున్న రుచి రాగిపిండిది. అవ్వ ఒళ్లో కూర్చుని తిన్న బువ్వ మీద, ఆమెకు నేను తాగించి నేనూ తాగిన ఆ గంజి వచ్చి కూర్చుంది. దాన్ని పక్కకు జరిపి చూద్దామంటే కింద ఏమీ దొరకడం లేదు.

ఫోను మోగింది. సాయంత్రం దాకా ఆగలేకపోయింది పిల్ల.

"అత్తా, తిన్నావా? అవేనా?"

"తెలీలేదు తల్లీ" అన్నాను.

"తెలీకపోయేదేంటత్తా, బాగా గుర్తు తెచ్చుకో. నువ్వు సెప్పలేకపోతే ఇంగెవర్ని అడగాల?"

నాయన పోయాడు. అమ్మ పోయింది. రెండు కుండల్లో చెయ్యి పెట్టిన చిన్నాయన కిందటేడు పోయాడు. ఆ రోజు వరసకట్టి కయ్యలో దిగిన వాళ్లను ఒక్కొక్కరినే తలుచుకున్నాను, ఏ ఇల్లూ వదలకుండా. వాళ్లంతా నా కంటే పెద్దవాళ్లు, ఇప్పుడు ఒక్కరూ లేరు. అవతల హేమ "అత్తా, అత్తా" అంటోంది.

"ఉండు హేమా" అన్నాను. "ఇంకొక్క గుక్క తాగి చెప్తా."